చక్రము పెద్దదైనచో కారు వేగమగునా?

స్పోర్ట్స్ కారు కనబడగానే యువకుల దృష్టి మొదట దాని చక్రములపై పడును. చక్రమెంత పెద్దదైన కారంత వేగముగా పోవునని పలువురి నమ్మకము. ఇది ఎంతవరకు నిజము? కాగితము, పెన్సిలు చేతనున్నచో సమాధానమును మనమే కనుగొనవచ్చును.

జపాను దేశపు మాజ్దా సంస్థ 1989లో విడుదల చేసిన ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల కారును ఉదాహరణగా గ్రహింతము. దాని టైరు కొలత 185/60 ఆర్ 14. ఇందు 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతము, అనగా 111 మి.మీ. 'ఆర్' రేడియల్ నిర్మాణమును తెలుపును. 14 రిమ్ము వ్యాసము, అంగుళములలో, అది 355.6 మి.మీ. రిమ్మునకు పైన, క్రింద ప్రక్కగోడలను చేర్చగా మొత్తము వ్యాసము 577.6 మి.మీ. అగును.

ఇక 15 అంగుళముల రిమ్ము కోరినవాడు ఏమి చేయవలెను? 195/50 ఆర్ 15 టైరు వేసినచో మొత్తము వ్యాసము 576 మి.మీ. తేడా 1.6 మి.మీ. మాత్రమే. రిమ్ము పెరిగినంత మేర ప్రక్కగోడ తగ్గవలెనన్నదే ఇందలి సూత్రము. అట్లుగాక 195/60 ఆర్ 15 వేసినచో వ్యాసము 615 మి.మీ. అగును. అప్పుడు అంతవరకు సరిగా చూపుచుండిన స్పీడోమీటరు 100 చూపునప్పుడు కారు గంటకు 106 కిలోమీటర్లకు మించి పోవుచుండును. చక్రము చుట్టునకు ఎక్కువ దూరము పోవును గనుక కారు వేగమందుకొనుటయు మందగించును.

పెద్ద రిమ్మునకు గుణము లేకపోలేదు. దానిలో పెద్ద బ్రేకు డిస్కు ఇముడును; పొట్టి ప్రక్కగోడ మలుపులలో తక్కువగా వంగును. కాని రిమ్ము బరువెక్కిన కొలది దానిని త్రిప్పుటకును, ఆపుటకును ఎక్కువ శక్తి కావలెను. స్ప్రింగుల క్రిందనున్న బరువు పెరిగి, గతుకులపై టైరు నేలను వదలుటకు అవకాశమేర్పడును. గుంటలో పడినప్పుడు పలుచని ప్రక్కగోడ దెబ్బను ఓర్వజాలదు, రిమ్ము వంగును. ఫార్ములా వన్ పందెపు కార్లు సైతము 2021 వరకు 13 అంగుళముల రిమ్ములతోనే పరుగెత్తినవి. 2022 నుండియే 18 అంగుళములకు మారినవి.

కావున రిమ్ము మార్చదలచినవారు నాలుగు విషయములు చూడవలెను: మొత్తము వ్యాసము మారరాదు, బోల్టుల అమరిక సరిపోవలెను, పై కారునకు 100 మి.మీ. వ్యాసపు వలయముపై నాలుగు బోల్టులు; టైరు మోయగల బరువు, ఓర్వగల వేగము కర్మాగారము నిర్ణయించిన దానికి తగ్గరాదు; చక్రము పూర్తిగా త్రిప్పినను మడ్గార్డునకు ఒరయరాదు.

విద్యార్థి మిత్రులారా! వానలో బ్రేకు వేసిననాడు కారును, అందలి ప్రాణములను నిలుపునవి నేలనంటిన నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కలే. చూచువారి మెప్పు కొరకు కాక, వాటి పట్టు కొరకు చక్రమును ఎన్నుకొనుటయే వివేకము.