తాతల నాటి రివాల్వర్‌.. పెట్టెలో దాస్తే చాలదు
పాతబడినంత మాత్రాన చట్టానికి అతీతం కాదు. కాల్చి చూస్తే ప్రాణానికే ముప్పు

పూతలపట్టు: పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ముల పంపకాల్లోనో, పెద్దాయన పోయాక ఇనుపపెట్టె తెరిచినప్పుడో కొన్ని కుటుంబాలకు ఊహించని వస్తువు ఒకటి చేతికొస్తుంది. నూనెగుడ్డలో చుట్టిన పాత రివాల్వర్‌, దాని పక్కన పచ్చబారిన నాలుగైదు తూటాలు. తాతగారి జ్ఞాపకమని ఒకరు, వందేళ్ల నాటిది కనుక పురావస్తువని మరొకరు, పేలుతుందో లేదో మామిడితోటలో ఒకసారి చూద్దామని ఇంకొకరు అంటారు. ఈ ముగ్గురిలో మొదటివారి మాట ఒక్కటే నిజం. మిగిలిన రెండు ఆలోచనలూ మనిషిని జైలుకో ఆసుపత్రికో చేర్చగలవు.

పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం, యాదమరి మండలాల రైతులకు తుపాకీ కొత్తేమీ కాదు. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి మందుగుండు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు పొందే వెసులుబాటు చట్టంలోనే ఉంది. అయితే పొలం తుపాకీకి, సైన్యం వాడి వదిలేసిన రివాల్వర్‌కు చట్టం దృష్టిలో హస్తిమశకాంతరం ఉంది. ఈ తేడా తెలియకే చాలామంది చిక్కుల్లో పడుతుంటారు.

ఊళ్లలోకి ఎలా వచ్చాయి?

1878లో వైస్రాయ్‌ లిట్టన్‌ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోవడాన్ని నిషేధించింది. జమీందారులు, ఉన్నతోద్యోగులు, పలుకుబడి కలిగినవారు మాత్రం లైసెన్సులు పొందగలిగేవారు. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం సంఖ్య సుమారు 25 లక్షలకు చేరింది. సాధారణ సిపాయి చేతిలో ఉండేది రైఫిలే. రివాల్వర్‌ను అధికారులకు, యుద్ధట్యాంకుల సిబ్బందికి, సైనిక పోలీసులకు ఇచ్చేవారు. యుద్ధాలు ముగిశాక అవసరానికి మించి మిగిలిన ఆయుధాల్లో కొన్ని అమ్మకాల ద్వారా లైసెన్సుదారులకు చేరాయి. కొన్ని చేతులు మారాయి. నేడు పాత పెట్టెల్లో బయటపడుతున్న రివాల్వర్లకు మూలం చాలావరకు ఇదే.

వీటిలో రెండు రకాలు ప్రసిద్ధం. ఒకటి వెబ్లీ మార్క్‌-6. బ్రిటిష్‌ సైన్యం 1915లో దీన్ని స్వీకరించింది. బోరు .455 అంగుళాలు, అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. బరువు కిలోకు పైనే. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్‌ స్కాట్‌ సంస్థ దీన్ని తయారు చేసింది. రెండోది ఎన్‌ఫీల్డ్‌ నంబర్‌-2. 1930వ దశకం ఆరంభంలో వచ్చిన ఈ .38 బోరు రివాల్వర్‌ ముప్పావు కిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది. భారీ వెబ్లీతో గురి కుదరాలంటే చాలా సాధన అవసరం కావడంతో, తక్కువ శిక్షణతోనే సైనికుడికి పట్టు దొరికేలా చిన్న బోరు వైపు మళ్లారు. ఇదే బోరులో వెబ్లీ మార్క్‌-4, అమెరికా నుంచి వచ్చిన స్మిత్‌ అండ్‌ వెసన్‌ రివాల్వర్లు కూడా యుద్ధకాలంలో వాడుకలో ఉండేవి.

బ్రిటిష్‌ రివాల్వర్లలో పై గొళ్లెం తీస్తే గొట్టం ముందుకు వంగి, ఖాళీ తూటాలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. లోహంపై బాణం మొన లాంటి గుర్తు ఉంటే అది ప్రభుత్వ ఆస్తిగా ఉండేదని అర్థం. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా కలిసినట్లు చెక్కి ఉంటే సైన్యం దాన్ని అధికారికంగా అమ్మేసిందని సూచన. ఆ గుర్తు ఆయుధం చరిత్రను చెబుతుందే కానీ, నేడు దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కును ఇవ్వదు.

‘పురావస్తువు’ అంటే సరిపోతుందా?

ఆయుధ చట్టం-1959లోని 45వ సెక్షన్‌ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. వాడుకలో లేని నమూనా ఆయుధాలు, పురావస్తు విలువ కలిగినవి, పాడైపోయినవి చట్టం పరిధిలోకి రావని అందులో ఉంది. చాలామంది ఇంతవరకే చదివి ఊరట చెందుతారు. అసలు షరతు ఆ తర్వాతే ఉంది. మరమ్మతు చేసినా, చేయకపోయినా ఆయుధంగా ఏమాత్రం పనికిరానిదైతేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది.

అంటే లెక్క వయసుతో కాదు, పేలే శక్తితో. తుప్పు పట్టిన గుర్రాన్ని మార్చి, విరిగిన స్ప్రింగు వేస్తే పేలగలిగే రివాల్వర్‌ వందేళ్లదైనా ఆయుధమే. అది పనికివస్తుందో లేదో తేల్చవలసింది ఆయుధ నిపుణుడే తప్ప యజమాని కాదు. తూటాల విషయమూ అంతే. రివాల్వర్‌ లేకపోయినా, లైసెన్సు లేకుండా పేలని తూటా ఒక్కటి దగ్గరున్నా చట్టరీత్యా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. విమానాశ్రయాల తనిఖీల్లో సంచి అడుగున మరచిపోయిన ఒక్క తూటాతో ప్రయాణికులు చిక్కుకున్న సంఘటనలు తెలిసినవే. తన వద్ద ఆయుధం ఉందన్న ఎరుక నిందితుడికి ఉండాలని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్‌ కేసులో స్పష్టం చేసింది. పెట్టెలో ఏముందో తెలియని వారికి ఈ సూత్రం అండగా నిలవవచ్చు. తెలిసిన తర్వాత కూడా దాచిన వారికి అది అక్కరకు రాదు.

అసలు చిక్కు బోరుతోనే

భారతదేశంలో ఆయుధాలను నిషేధిత బోరు, నిషేధం లేని బోరు అని రెండుగా విభజించారు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు బయటి ఆయుధాల్లోకి చేరకూడదన్నది ఈ విభజన వెనుక ఉన్న ఉద్దేశం. ఠాణా నుంచి దొంగిలించిన తూటా ఇంట్లోని తుపాకీలో ఇమడకపోతే ఆ దొంగతనానికి ప్రయోజనం ఉండదన్నది తర్కం. అందుకే .380, .455 అంచు తూటాలను, సైనిక 9 మి.మీ. తూటాలను పేల్చగల పిస్తోళ్లు, రివాల్వర్లు నిషేధిత జాబితాలో చేరాయి. పైన చెప్పుకొన్న వెబ్లీ, ఎన్‌ఫీల్డ్‌ సైనిక రివాల్వర్లు సరిగ్గా ఈ కోవలోకే వస్తాయి.

నిషేధం లేని బోరుకు లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌ హోదాలో కలెక్టర్‌కు ఉంటుంది. పోలీసుల విచారణ నివేదిక ఆధారంగా నిర్ణయం తీసుకుంటారు. నిషేధిత బోరు విషయం మాత్రం కలెక్టర్‌ చేతిలో ఉండదు. దాన్ని తేల్చవలసింది కేంద్ర హోంశాఖ.

శిక్షల్లోనూ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2019 డిసెంబరులో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మామూలు ఆయుధం ఉంచుకుంటే రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. నిషేధిత ఆయుధమైతే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు శిక్ష పడవచ్చు. తాతగారి జ్ఞాపకమని దాచుకున్న వస్తువు మనవడిని ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష వరకు తీసుకెళ్లగలదన్నమాట.

మార్కెట్లో .32 బోరు రివాల్వర్లే ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయన్న సందేహానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. .38 నిషేధితం కావడంతో పౌరుల కోసం కాన్పూర్‌ ఆయుధ కర్మాగారం .32 బోరు రివాల్వర్‌ను తయారు చేస్తూ వచ్చింది. దాని రూపం పాత వెబ్లీ మార్క్‌-4నే పోలి ఉంటుంది. 2014లో మహిళల కోసమంటూ విడుదల చేసిన ‘నిర్భీక్‌’ కూడా .32 బోరుదే. దాని బరువు అరకిలో.

కాల్చి చూద్దామనుకుంటే..

లైసెన్సు ఉన్నా సరే, పాత సైనిక రివాల్వర్‌ను పరీక్ష చేయించకుండా పేల్చడం ప్రమాదకరం. రివాల్వర్‌లో తిరిగే సిలిండర్‌ ఒక్కో తూటాను గొట్టానికి ఎదురుగా తెచ్చి నిలుపుతుంది. దశాబ్దాల వాడకంతో దాన్ని పట్టి ఉంచే మీట అరిగితే తూటా గొట్టానికి సూటిగా నిలవదు. అప్పుడు సీసం గుండు గొట్టం అంచును గీసుకుని, ఆ ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. కాల్చేవారి చేతికీ, పక్కన నిలబడ్డవారి కంటికీ గాయాలవుతాయి.

అంతకంటే పెద్ద ముప్పు తప్పుడు తూటా. చూడటానికి ఒకేలా ఉన్నా పాత .38 తూటా వేరు, ఆ తర్వాత వచ్చిన .38 స్పెషల్‌ వేరు. రెండో రకం కాస్త సన్నం, మరింత పొడవు, దాని పీడనమూ ఎక్కువ. కొన్ని పాత రివాల్వర్లలో అది ఇమిడేలా సిలిండర్‌ను లోపల తొలిచారు. వాటిలో పేల్చితే ఇత్తడి గొట్టం ఉబ్బిపోతుంది, ఒక్కోసారి చీలుతుంది. అమెరికాకు వెళ్లిన వెబ్లీ మార్క్‌-6లలో చాలావాటికి .45 ఏసీపీ తూటా పట్టేలా సిలిండర్‌ వెనుక భాగాన్ని అరగదీశారు. వెబ్లీ తట్టుకోవడానికి రూపొందిన పీడనం కన్నా ఆ తూటా పీడనం చాలా ఎక్కువ. సిలిండర్లు పగిలిపోవడానికి ఇదే కారణం.

పాత తూటాల సంగతి మరో రకం. లోపలి మందు చెమ్మగిల్లితే గుండు గొట్టంలోనే సగం దారిలో ఆగిపోవచ్చు. శబ్దం సన్నగా వచ్చిందని తెలియక రెండోసారి మీట నొక్కితే గొట్టం పగులుతుంది. యుద్ధకాలపు తూటాల రంజకంలోని లవణాలు గొట్టం లోపల మిగిలి తేమను లాగుతాయి. ఒక్క రాత్రిలో తుప్పు మొదలవుతుంది. అందుకే ఆనాటి సిపాయిలు కాల్చిన రోజే గొట్టాన్ని వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాసేవారు. నూనె ఒక్కటే రాస్తే లవణం పోదు.

పెళ్లిళ్లలో, జాతరల్లో గాలిలోకి కాల్చే సరదాకూ 2019 సవరణ అడ్డుకట్ట వేసింది. లైసెన్సు ఉన్నవారైనా ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా వేడుక కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంట్లో బయటపడితే ఏం చేయాలి?

ముందుగా దాన్ని ఆడించి చూడకూడదు. తూటాలు నిండి ఉండవచ్చన్న అనుమానంతోనే మెలగాలి. పిల్లలకు అందకుండా, ఉన్నచోటే ఉంచి తాళం వేయాలి. మరమ్మతుకని కమ్మరి కొలిమికి తీసుకెళ్లడం, గొట్టం కోయించడం, పేలకుండా సొంతంగా వెల్డింగు చేయించడం తగదు. ఆయుధం మరమ్మతుకూ మార్పుకూ లైసెన్సు అవసరం.

తర్వాత పాత లైసెన్సు పుస్తకం కోసం వెతకాలి. దొరికినా, దొరకకపోయినా ఆలస్యం చేయకుండా సమీప పోలీసుస్టేషన్‌లో రాతపూర్వకంగా తెలిపి ఆయుధాన్ని అప్పగించి రసీదు తీసుకోవాలి. లైసెన్సుదారు మరణించినా, గడువు తీరినా అనవసర జాప్యం లేకుండా ఆయుధాన్ని పోలీసుస్టేషన్‌లోగాని, లైసెన్సు ఉన్న ఆయుధ విక్రేత వద్దగాని ఉంచాలని చట్టంలోని 21వ సెక్షన్‌ చెబుతోంది. ఊళ్లోవారు ఏమనుకుంటారోనన్న బిడియంతో నెలల తరబడి నాన్చినకొద్దీ, తెలియక ఉంచుకున్నామని చెప్పుకొనే అవకాశం సన్నగిల్లుతుంది.

అప్పగించడమంటే వదులుకోవడమే కాదు. ఆయుధ నిబంధనలు-2016లోని 25వ నిబంధన ప్రకారం లైసెన్సుదారు మరణానంతరం చట్టబద్ధ వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. బతికుండగానే బదలాయించాలనుకుంటే లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండి ఉండాలి, లేదా ఆయుధం ఆయన వద్ద 25 ఏళ్లుగా ఉండాలి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. వారసత్వంగా వచ్చినవి కలిపినా ఒకరి పేర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. 2019కి ముందు ఈ పరిమితి మూడు. లైసెన్సు గడువును అదే సవరణ మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. నిర్ణీత కాలంలో ఎవరూ తిరిగి తీసుకోని ఆయుధాన్ని ప్రభుత్వపరం చేసే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు ఉంది. కనుక రసీదు చేతికొచ్చాక దరఖాస్తు మరచిపోకూడదు.

లైసెన్సు ఉన్నవారు ఎన్నికల సమయంలో ఆయుధాల అప్పగింతపై వచ్చే ఆదేశాలను గమనిస్తూ ఉండాలి. ఎన్నికలు ముగిశాక తిరిగి తెచ్చుకోవడం ఎంత ముఖ్యమో, అప్పగించినప్పటి రసీదును భద్రపరచడం అంతే ముఖ్యం.

విదేశాల్లో వేరు.. ఇక్కడ వేరు

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు అక్కడి దుకాణాల్లో పాత వెబ్లీలను చూసి ఫొటోలు పంపుతుంటారు. అక్కడి కేంద్ర చట్టం 1898లోగాని, అంతకుముందుగాని తయారైన వాటిని పురాతన ఆయుధాలుగా పరిగణించి చాలా నిబంధనల నుంచి మినహాయించింది. బ్రిటన్‌ మరో దారిలో వెళ్లింది. 1996లో డన్‌బ్లేన్‌ పాఠశాల కాల్పుల తర్వాత, 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది. చారిత్రక విలువ ఉన్న వాటికి కఠిన షరతులతో కొద్దిపాటి మినహాయింపు మిగిల్చింది. భారత చట్టం ఈ రెండింటికీ భిన్నం. కనుక అక్కడ కొన్నదాన్ని ముందస్తు అనుమతి లేకుండా సామానులో పెట్టుకొని వస్తే ఇక్కడి విమానాశ్రయంలోనే కేసు నమోదవుతుంది.

గురి చూసి కాల్చాలన్న మక్కువ ఉన్న యువతకు చట్టబద్ధమైన దారి క్రీడ. 10 మీటర్ల ఎయిర్‌ పిస్టల్‌తో మొదలుపెట్టి, రైఫిల్‌ సంఘాల శిక్షణలో ముందుకు సాగవచ్చు. హైదరాబాద్‌కు చెందిన గగన్‌ నారంగ్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో ఎయిర్‌ రైఫిల్‌ కాంస్యం సాధించారు. అదే నగరానికి చెందిన ఈషా సింగ్‌ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌ జట్టు స్వర్ణంతో సహా నాలుగు పతకాలు గెలిచారు. మామిడితోటలో తుప్పు రివాల్వర్‌తో చేసే ప్రయోగం కన్నా ఇది సురక్షితం, గౌరవప్రదం.

పెద్దలు మిగిల్చిన వస్తువుపై మమకారం సహజం. దాని కథను, ఫొటోను, పాత లైసెన్సు పుస్తకాన్ని భద్రపరచుకోవచ్చు. ఆయుధాన్ని మాత్రం ముందు ఠాణాకు చేర్చి, ఆ తర్వాతే హక్కు గురించి అడగాలి. ఈ వరుస తప్పితే తాత పేరు కుటుంబ చరిత్రలో కాక కేసు పత్రాల్లో మిగులుతుంది.