గుల్లల శిలాజాలు పాత సముద్రతీరాల గురించి ఎలా చెబుతాయి?

నత్తలు, ఆల్చిప్పల వంటి మొలస్కా జీవుల గుల్లలు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడతాయి. గట్టివి కాబట్టి బురదలో పూడుకుపోయి శిలాజాలుగా మిగులుతాయి.

కొన్ని జాతులు సముద్రంలో, కొన్ని మంచినీటిలో, మరికొన్ని ఆ రెండూ కలిసే నదీముఖాల్లో బతుకుతాయి. అందుకే జాతిని గుర్తిస్తే అప్పటి నీటి స్వభావం తెలుస్తుంది. రెండు చిప్పలూ విడిపోకుండా దొరికితే ఆ జీవి త్వరగా పూడుకుపోయిందని, అరిగి ముక్కలైతే అలల తాకిడికి గురైందని అంచనా వేస్తారు. గుల్లలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి నీటి ఉష్ణోగ్రతను సూచిస్తుంది.

రాజమహేంద్రవరం దగ్గర సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా రాతి పొరల కింద టరిటెల్లా అనే సముద్రపు నత్త గుల్లలు, పొరల మధ్య నదీముఖ జాతుల గుల్లలు దొరికాయి. నేడు తీరానికి దూరంగా ఉన్న ఆ ప్రాంతం దాకా ఒకప్పుడు సముద్రం వచ్చిందనడానికి ఇవే సాక్ష్యం.