వార్తల్లో పదం: ప్లేజియోసెఫలీ

శిశువు నిరంతరము ఒకే పార్శ్వమునకు తల వాల్చి పరుండుటచేత, ఇంకను మృదువుగా నున్న కపాలాస్థులు ఆ భాగమున అణగి చదునగుటను వైద్యులు ప్లేజియోసెఫలీ యందురు. ఆకస్మిక శిశుమరణములను నివారించుటకై పసికందులను వెల్లకిలగానో, పక్కకు వాల్చియో నిద్రపుచ్చవలెనని 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ ఉపదేశించిన పిమ్మట ఆ మరణములు తగ్గినవి గాని, ఈ చదునుతనము అధికముగా కానవచ్చినది. అయినను ప్రాణరక్షణమే ప్రధానము గనుక, నిద్రకు వెల్లకిల భంగిమయే శ్రేయస్కరము.

తెలుగునాట స్నానవేళ తల నొత్తి గుండ్రముగా దిద్దుటయు, కొన్ని యిండ్లలో ఆవాల దిండు పెట్టుటయు వాత్సల్యముతో చేయు పనులే. కాని బలముగా నొత్తుట తగదు, దిండు ఊపిరి కడ్డు కావచ్చును. తల దిద్దు దిండ్లను వాడవలదని 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థయు హెచ్చరించినది.

శిశువు మేల్కొనియుండగా, పెద్దల కన్నులయెదుట, దినమునకు రెండు మూడు మారులు, మారునకు మూడు నుండి అయిదు నిమిషములు బోర్ల పరుండబెట్టుట, పక్కమీద తల యుంచు దిక్కును, పాలిచ్చు వైపును మార్చుచుండుట, తరచు ఎత్తుకొనుట ఉత్తమోపాయములు. కూర్చుండుట నేర్చిన కొలది చాలమందిలో తల ఆకారము తనంతట తానే చక్కబడును.

మెడ ఒకే దిక్కునకు తిరుగుచున్నను, కపాలముపై అతుకు వెంబడి గట్టి గట్టు తగిలినను వైద్యునికి చూపుటలో ఆలస్యము కూడదు. శ్రీకాకుళ, విజయనగర జిల్లాల తల్లులారా, ఆశా కార్యకర్త యింటికి వచ్చినపుడు బిడ్డ తలను తప్పక చూపింపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుకతో వచ్చు లోపములు మొదలగువానిని తొలిదశలోనే గుర్తించుటకై యేర్పడినదే.