ఒళ్ళు వంచడం, ఒళ్ళు చేయడం: దైనందిన శ్రమ, అతిభోజనం, స్థూలకాయం

1. ప్రస్తావన:
ఒళ్ళు వంచడమంటే కష్టపడి పనిచేయడం. ఒళ్ళు చేయడమంటే లావెక్కడం. ఒకే మాటతో ఏర్పడిన ఈ రెండు జాతీయాల మధ్య సంబంధం నగరపు అంచున ఉన్న ఊళ్ళలో స్పష్టమవుతుంది. రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట్ ఒకప్పుడు గ్రామపంచాయతీ. 2019లో నగరపాలక సంస్థ అయింది. సమీపాన శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం ప్రారంభమైంది. ఇటువంటి చోట్ల సేద్యం తగ్గి, కూర్చుని చేసే కొలువులు పెరుగుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారు.

2. మిగులు శక్తి:
కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. సుమారు 75 గ్రాముల అన్నం ఇచ్చేది 100 కిలోకేలరీలు. రోజూ అంత మిగిలితే ఏడాదికి నాలుగున్నర కిలోలకు పైగా పెరగాలని లెక్క చెబుతుంది. అయితే బరువు పెరిగేకొద్దీ శరీరం చేసే ఖర్చూ పెరుగుతుంది కనుక వాస్తవంలో పెరుగుదల అంతకంటే తక్కువ.

3. చిన్న కదలికల పాత్ర:
అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 1999లో ప్రకటించిన అధ్యయనంలో 16 మందికి ఎనిమిది వారాలు రోజూ 1,000 కిలోకేలరీలు అదనంగా పెట్టారు. కొవ్వు ఒకరిలో అర కిలో కూడా పెరగలేదు. మరొకరిలో నాలుగు కిలోలు దాటింది. నిలబడడం, అటూ ఇటూ తిరగడం వంటి వ్యాయామేతర కదలికలు ఎవరిలో ఎక్కువగా పెరిగాయో వారిలో కొవ్వు తక్కువగా చేరింది.

4. రంగారెడ్డి పల్లెల అనుభవం:
జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించే అధ్యయనం చేపట్టింది. అప్పటి సమస్య ఆహారలోపం. 2003 తర్వాత అదే పిల్లలను తిరిగి పరిశీలించినపుడు గుండెజబ్బు, మధుమేహాలకు దారితీసే కారణాలు అధ్యయనాంశాలయ్యాయి. ఒక్క తరంలోనే ప్రశ్న మారిపోయింది.

5. ముగింపు:
అతిభోజనం స్థిరమైన పరిమాణం కాదు. శ్రమను బట్టి నిర్ణయమయ్యేది. నాగలి పట్టిన తండ్రికి సరిపోయిన కంచెడన్నం, కంప్యూటరు ముందు కూర్చున్న కొడుక్కి అతిభోజనమవుతుంది. కనుక లావైన ప్రతివారినీ తిండిపోతు అనడం అన్యాయం. అలాగని వ్యాయామమొక్కటే చాలదు: గంట వేగనడకతో ఖర్చయ్యే శక్తిని ఒకటి రెండు సమోసాలు తిరిగి ఇచ్చేస్తాయి. కంచాన్ని శ్రమకు తగ్గట్టు కుదించుకోవడం, రోజంతటా కదలికను పెంచుకోవడం రెండూ కలిసి సాగాలి.