ఎరుపు, పచ్చ ఒకేలా కనిపిస్తే? డేటా గ్రాఫులకు రంగులు కోడ్‌తో ఎంచుకునే తీరు

2020లో రంజాన్ నెల లాక్‌డౌన్‌లోనే గడిచింది. ఆ రోజుల్లోనే, ఏప్రిల్ చివర్లో, కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని జిల్లాలను మూడు రంగులుగా విడగొట్టింది. 130 జిల్లాలు రెడ్ జోన్, 284 ఆరెంజ్, 319 గ్రీన్. హైదరాబాద్ రెడ్‌లో పడింది. టీవీల్లో, వాట్సాప్‌లో రంగుల మ్యాపులు తిరిగాయి. దుకాణం తెరవచ్చా, పక్క జిల్లాకు పోవచ్చా అన్నది చాలామంది ఆ రంగు చూసే తెలుసుకున్నారు.

అయితే ఎరుపు, ఆరెంజ్, పచ్చ రంగుల మధ్య తేడా సరిగా పట్టలేని కళ్లు కూడా ఉన్నాయి. వాళ్లకు మూడు జోన్లూ దగ్గరదగ్గరగా మట్టి రంగు, పసుపు కలిసిన ఛాయల్లా కనిపిస్తాయి. పక్కన జిల్లా పేరో, అంకెనో రాసి లేకపోతే ఆ మ్యాప్ ఉన్నా లేనట్టే.

దీన్నే వర్ణాంధత్వం, అంటే కలర్ బ్లైండ్‌నెస్ అంటారు. పేరు అలా ఉన్నా, ఈ లోపం ఉన్న చాలామందికి లోకం నలుపు తెలుపుల్లో కనిపించదు. మన కంటిలో రంగులు పట్టే శంకు కణాలు మూడు రకాలు. ఎరుపు వైపు పట్టేది, పచ్చ వైపు పట్టేది - వీటిలో ఒకటి లేకపోయినా, తేడాగా పనిచేసినా ఎరుపు పచ్చలు కలిసిపోతాయి. నీలం, పసుపుల తేడా మాత్రం బాగానే తెలుస్తుంది. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో నూటికి 8 మందికి, ఆడవాళ్లలో 200 మందికి ఒకరికి ఈ లోపం ఉంటుంది. ఆసియాలో లెక్క కొంత తక్కువే, కానీ అరుదైతే కాదు.

ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. అబ్బాయికి ఆ క్రోమోజోమ్ అమ్మ నుంచే వస్తుంది. అందుకే తండ్రి చూపు బాగానే ఉన్నా, నానాకో (అమ్మ తండ్రికి), మామూకో ఉన్న లోపం అబ్బాయిలో బయటపడవచ్చు. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియదు. చెట్టు ఆకులకు బ్రౌన్ క్రేయాన్ వేసిన పిల్లాడు ధ్యాస లేదని తిట్లు తింటాడు, అంతే.

ఇంజినీరింగ్, డేటా సైన్స్ చదివే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. ప్రాజెక్ట్ రిపోర్టులో గ్రాఫ్ గీసి, ఎర్ర గీత ఒకటి, పచ్చ గీత ఒకటి పెడతారు. చూసే ప్రొఫెసర్‌కే ఈ లోపం ఉంటే? తప్పంతా పిల్లలదీ కాదు. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి 'జెట్' అనే ఇంద్రధనుస్సు రంగుల వరుసనే ముందుగా ఇచ్చేది. దానిలో మధ్యలో ఉన్న పసుపు మెరిసిపోతుంది, రెండు చివర్లలోని నీలం, ఎరుపు ముదురుగా ఉంటాయి. అంటే డేటాలో లేని గీతలు కూడా కంటికి కనబడతాయి. 2017 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి దాని స్థానంలో 'విరిడిస్' వచ్చింది. విలువ పెరిగే కొద్దీ ముదురు ఊదా నుంచి లేత పసుపు దాకా రంగు క్రమంగా తేలికవుతుంది. 2018లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ పరిశోధకులు దాని మీద ఇంకా పనిచేసి 'సివిడిస్' ఇచ్చారు. నీలం నుంచి పసుపుకు పోయే ఈ వరుస ఎరుపు-పచ్చ లోపం ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కోడ్‌లో కలర్ మ్యాప్ పేరు మారిస్తే చాలు, పని అయిపోతుంది.

సొంతంగా రంగులు తయారు చేసుకోవాలంటే కొంచెం లెక్క ఉంది. రంగుల చక్రాన్ని సమాన భాగాలుగా కోసి తీసుకుంటే కుదరదు, ఎందుకంటే కంటికి ఆ ముక్కలు సమానం కావు. అందుకే కంటి తీరుకు దగ్గరగా ఉండే 'సీఐఈ ల్యాబ్' కొలతలో పని మొదలుపెడతారు. అందులో ముదురు-లేత తేడాకు 0 నుంచి 100 దాకా విడిగా అంకె ఉంటుంది. ఎంచుకున్న ప్రతి రంగునూ లోపం ఉన్న కన్ను ఎలా చూస్తుందో లెక్క కట్టి మారుస్తారు. దీనికి 2009లో బ్రెజిల్ పరిశోధకులు ఇచ్చిన పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. తొమ్మిది అంకెల మ్యాట్రిక్స్‌తో ఆర్‌జీబీ విలువలను గుణించడమే. కొత్తవాళ్లు ఒకచోట పొరపాటు పడతారు: స్క్రీన్ మీది ఆర్‌జీబీ విలువలను ముందుగా లీనియర్ విలువలుగా మార్చాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది.

తర్వాత ప్రతి జతకూ మధ్య దూరం చూడాలి. ఐదు రంగులకు 10 జతలు. మామూలు చూపు, మూడు రకాల లోపాలు కలిపి 40 లెక్కలు. కంప్యూటర్‌కు అదెంత పని! ఈ 40లో అన్నిటికంటే చిన్న దూరం ఏదో అదే ఆ ప్యాలెట్ బలం. అది సరిపోకపోతే ఆ రంగు తీసేసి ఇంకోటి పెట్టి మళ్లీ చూస్తారు. రెండు మూడు యూనిట్ల తేడా అయితే పక్కపక్కనే పెడితే తప్ప కనిపించదు. సన్న గీతలకు అంతకంటే చాలా ఎక్కువ దూరం కావాలి.

ఇంత కష్టం వద్దనుకుంటే మసతాకా ఒకాబే, కేయి ఇతో అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు ఇచ్చిన ఎనిమిది రంగులు ఉన్నాయి. వాళ్లిద్దరికీ ఈ లోపం ఉంది, కాబట్టి తమ కళ్లతోనే పరీక్షించుకున్నారు. ఆర్‌జీబీలో ఆరెంజ్ 230, 159, 0. లేత నీలం 86, 180, 233. నీలం కలిసిన పచ్చ 0, 158, 115. ముదురు నీలం 0, 114, 178. ఎరుపు వైపు ఆరెంజ్ 213, 94, 0. మిగతావి నలుపు, పసుపు, గులాబీ కలిసిన ఊదా. 2020లో వచ్చిన ఆర్ భాష 4.0.0 వెర్షన్‌లో రంగుల జాబితా ఇచ్చే ఫంక్షన్ అడగకుండానే ఈ వరుసనే ఇస్తుంది.

ఈ ఎనిమిదిలోనూ ఒక ఇబ్బంది ఉంది. వీటిలోని ఆరెంజ్, లేత నీలం నలుపు-తెలుపు జిరాక్స్‌లో దాదాపు ఒకే బూడిద రంగుగా వస్తాయి. రిపోర్ట్ జిరాక్స్ తీసి ఇవ్వాల్సి వస్తే ఒక గీతను చుక్కలుగా, ఇంకోదాన్ని ముక్కలుగా గీయాలి, లేదా ఒక్కో గీత చివర దాని పేరు రాసేయాలి.