వెనుక ఇరుసు నేర్పిన పాఠం

రవాణా విభాగంలో పనిచేసే వారికి లారీ చక్రం మీద చమురు మరక కొత్త విషయమేమీ కాదు. ఆయిల్ సీల్ పోయిందని నిర్ణయించి, కొత్తది వేసి, బండిని తిరిగి రోడ్డెక్కించడం పరిపాటి. అయితే ఒకే చక్రానికి అదే సీల్ పదేపదే పోతున్నప్పుడు లోపం సీల్‌లో ఉన్నదా, మన నిర్ధారణలో ఉన్నదా అని ఆలోచించవలసి ఉంటుంది. 2011వ సంవత్సరంలో నాకు ఎదురైన అటువంటి అనుభవాన్ని పాఠక మిత్రులకు, ముఖ్యంగా వర్క్‌షాపులో కొత్తగా చేరిన యువ సాంకేతికులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ రోజుల్లో నేను ఒక యూనిట్‌లో వాహనాల నిర్వహణ బాధ్యత చూస్తుండేవాడిని. మా సరుకు లారీలలో ఒకటి వారానికి రెండుసార్లు శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వైపున్న పనిస్థలానికి సామగ్రి చేరవేసేది. ఆ లారీ వెనుక ఎడమ చక్రానికి ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు లోపల నాలుగుసార్లు ఆయిల్ సీల్ మార్చారు. మార్చిన ప్రతిసారీ ఐదారు వారాలు బాగానే ఉండేది. తరువాత చక్రం లోపలి వైపున మళ్ళీ నల్లని చమురు చారలు దిగేవి.

సెప్టెంబరులో ఒక వానరోజు ఘాట్ దిగుతుండగా డ్రైవరుకు బ్రేకు అందలేదు. అతడు అనుభవజ్ఞుడు కనుక కింది గేరులోకి మార్చి, ఇంజను పట్టు మీద బండిని అదుపు చేసి, కొండవైపు కాలువ అంచుకు ఆనించి ఆపగలిగాడు. రెండవ వైపున లోయ ఉన్నది. మరునాడు నా గదికి వచ్చి, “సార్, బ్రేకు తొక్కితే బండి కుడివైపుకు లాగుతోంది. ఎడమ చక్రం పట్టడం లేదు. ఇలాగైతే ఆ బండి నేను తీసుకెళ్ళలేను” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, భయం ఉన్నది.

అదే సమయానికి నా బల్ల మీద ఒక మెమో ముసాయిదా సంతకానికి సిద్ధంగా ఉన్నది. నాలుగుసార్లూ ఆ సీల్ బిగించిన మేస్త్రి పనిలో నిర్లక్ష్యం వహించాడని అందులోని ఆరోపణ. ఆయనకు ఇరవై ఐదేళ్ళ సర్వీసు ఉన్నది, పదవీ విరమణకు రెండేళ్ళే మిగిలింది. సంతకం చేసే ముందు బండిని స్వయంగా చూడాలనుకున్నాను.

ఇక్కడ ఇరుసు నిర్మాణం కొంత తెలుసుకోవాలి. బరువైన లారీలలో బండి భారాన్ని ఇరుసు గొట్టం మోస్తుంది. దాని చివర రెండు టేపర్ రోలర్ బేరింగుల మీద చక్రపు హబ్ తిరుగుతుంది. గొట్టం లోపలి ఆక్సిల్ షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే పరిమితం. మధ్యనున్న డిఫరెన్షియల్‌లోని గేర్ ఆయిల్ గొట్టం వెంబడి హబ్ దాకా వస్తుంది. అది బ్రేక్ డ్రమ్ములోకి చేరకుండా ఆపేది హబ్ లోపలి అంచున ఉండే ఆయిల్ సీల్. రబ్బరు పెదవి, దాన్ని నొక్కిపట్టే సన్నని చుట్టు స్ప్రింగు, వెలుపల లోహపు కవచం — ఇంతే దాని స్వరూపం. చిమ్మే చమురును ఆపడానికి అది చాలు. లోపలి నుంచి గాలి నెట్టుకొస్తే మాత్రం ఆ పెదవి ఎక్కువకాలం నిలువలేదు.

మొదట చక్రాన్ని శుభ్రంగా తుడిచి, బండిని కొంతదూరం నడిపించి, చమురు ఎక్కడి నుంచి వస్తున్నదో చూశాము. వెలుపలి ఫ్లాంజి గాస్కెట్ పొడిగానే ఉన్నది. కారుతున్నది లోపలి సీల్ వద్దనే. గేర్ ఆయిల్‌కు గంధకపు వాసన ఉంటుంది కనుక అది గ్రీజు కాదనీ, డిఫరెన్షియల్ చమురేననీ తేలింది. బండిని సమతలం మీద నిలిపి చల్లారిన తరువాత మట్టం చూస్తే నింపుడు రంధ్రం అంచువరకే ఉన్నది. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే బేరింగులో అదనపు ఆట కనిపించలేదు. అంటే మామూలుగా అనుమానించే కారణాలు ఒక్కొక్కటీ తొలగిపోయాయి.

అప్పుడు డ్రైవరు చెప్పిన ఒక చిన్న విషయం దారి చూపింది. బయలుదేరేటప్పుడు చక్రం పొడిగా ఉంటుందనీ, ఘాట్ ఎక్కి దిగి వచ్చాకనే చమురు కనబడుతుందనీ అతడు అన్నాడు. మరుసటి ప్రయాణం నుంచి, బాగుచేసిన మరో లారీ తోడుతో నెమ్మదిగా నడిపించి తెచ్చిన ఆ బండిని చల్లారనివ్వలేదు. మేస్త్రినీ డ్రైవరునూ పక్కన ఉంచుకొని, ముఖం ఎడంగా పెట్టి, నింపుడు రంధ్రపు బిరడాను కొద్దికొద్దిగా వదులు చేశాను. బుస్సుమని గాలి వెలువడింది. కొన్ని క్షణాలు ముగ్గురమూ మాట్లాడలేదు. “లోపల ఊపిరి బిగబట్టుకొని ఉంది సార్” అన్నాడు మేస్త్రి.

ఇరుసు పైభాగాన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు అది బయటకు పోవడానికి, చల్లబడినప్పుడు బయటి గాలి లోపలికి రావడానికి దాన్ని ఏర్పాటు చేస్తారు. మన వంటిళ్ళలో కుక్కర్ ఆవిరి గొట్టం మెతుకులతో పూడుకుపోతే ఏమవుతుందో గృహిణులకు చెప్పనక్కరలేదు. ఇక్కడా అంతే. మూసి ఉన్న ఇరుసులో గాలి 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కితే ఒత్తిడి సుమారు ఐదో వంతు పెరుగుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 200 గ్రాముల అదనపు ఒత్తిడి. ఆ ఒత్తిడి సీల్ పెదవిని ఎత్తి చమురును నెడుతుంది. రాత్రి చల్లారినప్పుడు దీనికి విరుద్ధంగా లోపల పీల్పు ఏర్పడి, అదే పెదవి వద్ద దుమ్మునూ తేమనూ లోపలికి లాగుతుంది. ఆ దుమ్ము పెదవినీ, అది ఆనే ఉపరితలాన్నీ అరగదీస్తుంది. కొత్త సీల్ ఐదారు వారాలకే ఎందుకు ఓడిపోతున్నదో అర్థమయింది.

బ్రీదర్‌ను విప్పి చూశాము. పైన బురద గట్టిపడి ఉన్నది. దాని కింద నల్లరంగు పొర రంధ్రాన్ని పూర్తిగా కప్పివేసింది. రికార్డులు తిరగేస్తే ఆ జనవరిలో రహదారి భద్రతా వారోత్సవాల సందర్భంగా లారీలన్నిటికీ ఛాసిస్ రంగు వేయించినట్లు ఉన్నది. ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే. బ్రీదర్‌ను కప్పి ఉంచాలని ఎవరికీ చెప్పలేదు, రంగు వేశాక ఎవరూ చూడలేదు. భద్రత పేరిట నేను చేయించిన పనే ఆ బండి బ్రేకును తీసింది.

రెండువైపులా ఒత్తిడి సమానమే కదా, ఎడమవైపే ఎందుకు కారిందని యువ మిత్రులు అడగవచ్చు. మన రోడ్లు నీరు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే బండిలో చమురు కొంత ఎడమకు చేరుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం హబ్ విప్పాక కనిపించింది. సీల్ పెదవి ఆనే చోట లోహం మీద సన్నని గాడి పడి ఉన్నది. గోటితో గీసి చూస్తే గోరు పట్టుకున్నది. గోరు పట్టేంత గాడి ఉన్నచోట ఎంత మంచి సీల్ వేసినా ప్రయోజనం ఉండదు.

బ్రీదర్ కొత్తది వేశాము. గాడి పడిన చోట పలుచని ఉక్కు తొడుగు ఎక్కించాము. సీల్ పెదవికి చమురు రాసి, పెదవిని చమురు వైపుకు తిప్పి, సుత్తితో ఒక పక్కన కొట్టకుండా సరైన రింగుతో అన్నివైపులా సమంగా దించాము. బేరింగు బిగింపును తయారీదారుల పుస్తకం ప్రకారం సరిచేశాము. చమురు పీల్చిన బ్రేక్ లైనింగులను కిరోసిన్‌తో కడిగి వాడే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది ప్రమాదకరం. డ్రమ్ము వేడెక్కగానే లోపల ఇంకిన చమురు మళ్ళీ పైకి తేలుతుంది. కనుక రెండువైపులా లైనింగులు మార్చాము, లేకుంటే బ్రేకు పట్టు సమంగా ఉండదు. ఆ తరువాత రెండు వర్షాకాలాలు ఆ చక్రం పొడిగానే ఉన్నది.

మెమో ముసాయిదాను ఉపసంహరించి, రంగు పని పర్యవేక్షణలో లోపం నాదేనని పై అధికారులకు నోట్ రాశాను. ఆ సాయంత్రం మేస్త్రి గారితో మాట్లాడుతూ, ఆ గాడి మీ కంట ఎప్పుడూ పడలేదా అని అడిగాను. ఆయన కొంచెం తటపటాయించి, “రెండోసారి విప్పినప్పుడే చూశాను సార్. జాబ్ కార్డులో సీల్ మార్చవలెను అని మాత్రమే రాసి ఉంది. మార్చాను. ఎందుకు పోయిందని నన్ను ఎవరూ అడగలేదు” అన్నారు.

నాకు సమాధానం దొరకలేదు. ఆ మరుసటి వారం నుంచి మా జాబ్ కార్డులో ‘కారణం’ అనే ఒక గడి చేర్చాము. దాన్ని ఇంజనీరు నింపరాదు, పని చేసిన మేస్త్రే తన మాటల్లో నింపాలి. ప్రతి సర్వీసులోనూ బ్రీదర్ తనిఖీని జాబితాలో పెట్టాము. ఆ గడిలో మొదటి పంక్తి రాసింది ఆయనే.