అన్నప్రాశనకు ఏ సామాను కావలెను?

రైతు సోదరులారా! బిడ్డకు 6 నెలలు నిండగానే తల్లిపాలకు తోడుగా మెత్తని ఆహారము మొదలుపెట్టవలెను. పాలు మాన్పించనక్కరలేదు, రెండేండ్లు, ఆపైన కూడ ఇయ్యవచ్చును.

ఇందుకు ఖరీదైన సామాను అక్కరలేదు. స్టీలు గిన్నె, చిన్న చెంచా, సరిపడు మూత, చేతులు కడుగుకొనుటకు సబ్బు ఉన్న చాలును. పాలసీసా కొనవద్దు. దాని పీకలో చేరిన మురికి సులభముగా పోదు; బిడ్డకు విరేచనములు పట్టుకొనును. సీసాల ప్రకటనలను మన దేశములో 1992 నాటి చట్టము నిషేధించినది.

పప్పన్నము చెంచానుండి జారిపోనంత చిక్కగా మెదిపి, బిడ్డను కూర్చుండబెట్టి, రెండు మూడు చెంచాలతో ప్రారంభించండి. వండినది రెండు గంటలలోపుననే పెట్టవలెను. వేరుసెనగ పలుకులు గొంతుకు అడ్డుపడును. మెత్తగా నూరి కలుపవలెను. బూజు పట్టిన గింజలు వాడరాదు. వాటిలోని అఫ్లాటాక్సిన్ విషము వండినంత మాత్రమున పోదు.

సేద్యపుటిండ్లలో ఇంకొక ప్రమాదము కలదు. పురుగుమందు డబ్బాను ఎంత తోమినను రాగిపిండికిగాని, నీళ్లకుగాని పనికిరాదు. ఖాళీ కాగానే మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడవండి. మందు చల్లి వచ్చినప్పుడు స్నానము చేసి, బట్టలు మార్చుకొనిన తరువాతనే బిడ్డను ఎత్తుకొనండి.

బిడ్డ క్షేమము ఒక్క ఇల్లాలి బాధ్యత కాదు. ఆ డబ్బా గడప దాటకుండ చూచుట మీ వంతు.